హైదరాబాదుకి ముప్పై నాలుగు మార్కులు

లోకంలో అందరూ హైదరాబాదు చూడ్డానికి వెళ్తారు. మా కోనసీమవాళ్లం మాత్రం తనిఖీకి వెళ్తాం. ఈ సంగతి ఆ ఊరికి తెలియకపోవడం వల్ల మాకు సరైన స్వాగతం దొరకడం లేదు.

మొన్న మాఘమాసంలో మా బావమరిది కూతురి పెళ్లికి నేనూ మా ఆవిడా కూకట్‌పల్లి వెళ్లాం. పెళ్లయిన మర్నాడు, శనివారం, ఒక్కరోజు ఖాళీగా దొరికింది. పెళ్లివారంతా ఆదమరిచి నిద్రపోతున్న సమయంలో మేమిద్దరం మంచినీళ్ల సీసా, నాలుగు జంతికలు సంచిలో పెట్టుకుని విధుల్లోకి దిగాం. ఆ రోజు తేలిన విషయాలు ప్రజాప్రయోజనం కోసం ఇక్కడ నమోదు చేస్తున్నాను. మొత్తం మార్కులు వంద. పాస్ కావాలంటే 35 రావాలి.

కొలత ఏమిటని అడగొచ్చు. మాకున్న కొలత ఒకటే, గోదావరి మీది ధవళేశ్వరం బ్యారేజి. నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఇవి వింటూ పెరిగినవాళ్లం. జ్వరాన్నీ, అప్పునీ, అత్తగారి కోపాన్నీ వీటితోనే కొలుస్తాం. హైదరాబాదుకి వేరే బద్ద తయారు చేయించాల్సిన అవసరం నాకు కనపడలేదు.

ముందు మెట్రో రైలు. 2017 నవంబరులో మొదలైంది. స్టేషన్లో ఇలా నిలబడ్డామో లేదో అలా వచ్చేసింది. నాకు అక్కడే అనుమానం తగిలింది. రైలంటే ఎదురుచూడాలి కదా! మా కోటిపల్లి-నరసాపురం లైను చూడండి, ఎంత హుందాగా ఉంటుందో. గోదావరి పాయ గౌతమిలో వంతెన స్తంభాలు లేచాయి. వాటి మీద కొంగలు వాలుతున్నాయి. మేం హైదరాబాదు రైలెక్కాలంటే ఇప్పటికీ అమలాపురంలో బస్సెక్కి రాజమండ్రి చేరాలి. మా నాన్నగారు ఆ లైను కోసం ఎదురుచూశారు, నేను చూస్తున్నాను, మా అబ్బాయికి అప్పగిస్తాను. ఇలా వంశపారంపర్యంగా వచ్చే రైలుకీ, నాలుగు నిమిషాలకోసారి వచ్చి పడే రైలుకీ పోలికేమిటి? మార్కులు కోసేశాను.

"ఏసీ బావుందండీ" అంది మా ఆవిడ. తనిఖీ బృందంలో ఏకాభిప్రాయం లేదని అప్పుడే తెలిసింది.

ఎంజీబీఎస్‌లో దిగి ఆటో ఎక్కాం. వంతెన మీద ఆటో ఆగిపోయింది. ట్రాఫిక్ మొదటి ప్రమాద హెచ్చరిక దాటి నిలకడగా ఉంది. "ఇదే సార్ మూసీ నది" అన్నాడు డ్రైవరు. నేను కిందికి చూశాను. మళ్లీ అతని మొహంలోకి చూశాను. వేళాకోళం ఆడుతున్నట్టు లేదు. "మా దగ్గర దీన్ని బోదె, అంటే పొలం పిల్లకాలువ, అంటాం బాబూ" అన్నాను. అతనికి పౌరుషం వచ్చింది. 1908లో ఇదే నది ఊళ్లో సగాన్ని ఊడ్చుకుపోయిందనీ, ఆ తర్వాతే విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారనీ, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా పుట్టినవేననీ చెప్పాడు. వరద మాట చెవిన పడేసరికి నాకు మూసీ మీద ఎక్కడలేని బంధుప్రీతి పుట్టుకొచ్చింది. మేం 1986 ఆగస్టు గోదావరి వరద చూసినవాళ్లం. చుట్టరికం కొద్దీ రెండు మార్కులు కలిపాను.

సాలార్‌జంగ్ మ్యూజియంలో మాత్రం నేను తప్పటడుగు వేశానని ఒప్పుకోవాలి. అక్కడ ముసుగు రెబెక్కా అని ఒక పాలరాతి బొమ్మ ఉంది. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కింది. మొహం మీద మేలిముసుగు. ముసుగూ రాయే, మొహమూ రాయే. అయినా ముసుగులోంచి ముక్కు, పెదాలు, దించుకున్న కళ్లు కనపడుతున్నాయి. నేను చాలాసేపు నిలబడిపోయాను. మా ఆత్రేయపురంలో బోర్లించిన వేడి కుండ మీద పిండిలో తడిపిన గుడ్డని ఇలా లాగి అలా తీస్తారు. కుండ నలుపు కనపడేంత పల్చగా రేకు లేస్తుంది. ఆ పూతరేకుకి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఈ ముసుగు దానికన్నా పల్చన అనిపించింది నాకు. పైకి అనలేదు. అంటే ఆత్రేయపురం వైపు మళ్లీ తలెత్తుకు తిరగలేను. నివేదికలో కూడా రాయకూడదనే అనుకున్నాను, ఎలాగో రాసేశాను.

అక్కడే ఒక గడియారం ఉంది. ఊరంతా దాని గురించే చెప్తారు. గంట కొట్టే వేళకి అందులోంచి ఒక చిన్న మనిషి బయటికొచ్చి గంట వాయించి వెళ్తాడు. పన్నెండు అయితే పన్నెండు దెబ్బలూ చూడొచ్చని జనం పావుగంట ముందే చేరిపోయారు. పిల్లలు ముందు వరసలో చతికిలబడ్డారు. మా ఆవిడ నాకు కూడా చోటు ఆపింది. సరిగ్గా పన్నెండుకి రెండు నిమిషాలుండగా నా ఫోను మోగింది. మా పాలేరు.

"అయ్యగారూ, మన వంతు నీళ్లొచ్చాయండి. తూము కాడ పైచేను వాళ్లు అడ్డేశారండి, ఆయ్!"

దాళ్వా, అంటే రెండో పంట వరి, చేసే రైతుకి ఇంతకన్నా పెద్ద గడియారం ఉంటుందా? ఫోను పట్టుకుని వరండాలోకి పరుగెత్తి, మూడు వందల మైళ్ల అవతల ఉన్న తూముని గొంతుతోనే తెరిపించడం మొదలుపెట్టాను. గార్డు వచ్చి మెల్లిగా మాట్లాడమన్నాడు. మెల్లిగా మాట్లాడితే నీళ్లు పారవని అతనికి ఏం తెలుసు! తిరిగి వెళ్లేసరికి జనం నవ్వుకుంటూ లేచిపోతున్నారు. గడియారం తలుపు మూసుకుంది. మా ఆవిడ నా వంక చూడలేదు. నీటిమట్టం 13.75.

చార్మినార్ సంగతి తొందరగా చెప్పేస్తాను. 1591లో కట్టారు. మినారులో 149 మెట్లున్నాయట, మనల్ని ఎక్కనిచ్చేది మొదటి అంతస్తు దాకానే. మా ఊళ్లో కొబ్బరి దింపు తీసేవాళ్లకి ఇలాంటి ఆంక్షలేవీ లేవు. పక్కనే లాడ్ బజారులో మా ఆవిడ లక్క గాజులు బేరమాడింది. బేరం మూడో ప్రమాద హెచ్చరిక దాటాక షాపతను బ్యారేజికున్న 175 గేట్లూ ఒక్కసారే ఎత్తేసి, ఆవిడ అన్న ధరకే ఇచ్చేశాడు. గోల్కొండకి టైం చాల్లేదు. అక్కడ ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే కిలోమీటరు దూరాన బాలాహిస్సార్‌లో వినపడుతుందని అంటారు. మా వీధరుగు మీద చప్పట్ల దాకా కూడా అక్కర్లేదు. చెవిలో చెప్పింది సాయంత్రానికి అవతలి లంకలో వినపడుతుంది.

పొద్దుగూకే వేళకి హుస్సేన్‌సాగర్ చేరాం. నీళ్ల మధ్యలో ఒకే రాతిలో చెక్కిన బుద్ధుడు 1992 నుంచి నిలబడి ఉన్నాడు. ఆయన మీద నాకు ఎలాంటి ఫిర్యాదూ లేదు. గొడవంతా పేరు దగ్గరే. అంతర్వేదిలో గోదావరి పాయ వసిష్ఠ వెళ్లి కలిసేదాన్ని మేం సాగరం అంటాం. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో తవ్వించిన చెరువుని కూడా అదే పేరుతో పిలిస్తే అసలు సాగరం ఏమనుకోవాలి?

గట్టు మీద కొబ్బరిబొండాల బండి కనపడింది. "ఎంత బాబూ?"

"అరవై సార్."

"వందా?"

"ఒకటి సార్."

నాకు కళ్లు తిరిగాయి. మా అంబాజీపేట మార్కెట్లో కాయ లెక్క వెయ్యిల్లో ఉంటుంది. ఒక్క కాయ ధర అడిగితే షావుకారు నవ్వుతాడు. ఇతని లెక్కన వెయ్యికి అరవై వేలు! పోనీ మనవాళ్ల కాయేమో, డబ్బు మనూరికే చేరుతుందని సరిపెట్టుకుందామని "ఎక్కణ్ణుంచి వస్తాయి?" అన్నాను. "కర్ణాటక సార్" అన్నాడు. ఇంటి చుట్టూ అరవై చెట్లున్నవాణ్ణి, పరాయి కాయ నీళ్లు అరవై పెట్టి తాగనా?

"ఆ లెక్కన మన పెరడంతా కోట్లు చేస్తుంది. ఆ ధీమాతో తాగండి" అని మా ఆవిడ రెండు కొట్టించేసింది. నీళ్లు తియ్యగానే ఉన్నాయి. అందుకు మూడు మార్కులు కోశాను.

మొత్తం కూడితే 34 వచ్చింది. ఒక్క మార్కు కలిపి పాస్ చేద్దామా అని రాజమండ్రి వచ్చేదాకా ఆలోచించాను. రైలు గోదావరి వంతెన ఎక్కగానే ఆ ఆలోచన పోయింది.

ఊళ్లో దిగిన సాయంత్రం అరుగు నిండిపోయింది. నేను గొంతు సవరించుకుని నివేదిక ఎత్తుకున్నాను. మూసీ దగ్గరికి వచ్చేసరికి జనం పల్చబడ్డారు. అందరూ లోపల గుమ్మం దగ్గర మా ఆవిడ చుట్టూ చేరి గడియారం కథ వింటున్నారు. చేత్తో గంట ఎలా కొట్టాడో చేసి చూపిస్తోంది. ఒకటి, రెండు, మూడు... కొత్త గాజులు గలగలమంటున్నాయి. పన్నెండూ అయ్యాక ఎదురింటి పిన్నిగారి మనవడు అరుగు మీదికి పరుగెత్తుకొచ్చాడు.

"తాతా, ఆ బొమ్మకి గడ్డం ఉంటుందా?"

నేను నోరు తెరిచేలోగా లోపల్నుంచి జవాబు వచ్చింది.

"ఆయన్ని అడక్కురా నాన్నా. ఆయన అప్పుడు తూము దగ్గరున్నారు."