సద్దుల నాడు చాపని చెయ్యి

మొన్న మన సంఘం జరిపిన సద్దుల బతుకమ్మకు వచ్చినవాళ్లందరూ చూశారు. నువ్వుల సద్ది పంచుతూ వచ్చిన ఆడబిడ్డకు వదినె చెయ్యి చాపలేదు. హన్మకొండలో ఇంటి జాగ మీద వాళ్లకు పార్టిషన్ కేసు, అంటే పాలు పంచమనే కేసు, నడుస్తోంది. నన్ను అంతకన్నా బాధపెట్టింది, తర్వాత కార్ల దగ్గర మనవాళ్లే అన్న మాట: "తల్లిగారింటి మీద కేసు వేస్తుందా ఆడపిల్ల?"

నేనూ అన్న మీద కేసు వేసినవాణ్నే. పరకాల దగ్గర బాపు వదిలిన మూడెకరాల చెలకలో అన్న పత్తి వేసేవాడు, అమ్మను చూసుకునేవాడు. అందులో అరెకరం బేరం పెట్టాడని ఎవరో ఫోన్‌లో చెబితే, అన్నకు ఒక్క ఫోన్ కూడా చేయకుండా జీపీఏ, అంటే నా తరఫున ఇంకొకరు కేసు నడిపే అధికార పత్రం, పంపి కేసు వేయించాను. తొమ్మిదేళ్లు వాయిదాలే. మధ్యలో అమ్మ పోయింది, పెద్దకర్మ నాడు మేమిద్దరం వేరువేరు బంతుల్లో కూర్చుని తిన్నాం. చివరికి, రాజీతో కేసులు తేల్చే లోక్ అదాలత్‌లో కూర్చోబెడితే అక్కడి జడ్జిగారు ముందు అడిగింది మా ఇద్దరినీ కాదు, మా చెల్లెను. "నీకేం కావాలమ్మా?" అని. కేసు కాగితాల్లో తను ప్రతివాది, అంతే, తొమ్మిదేళ్లలో మేమెవరమూ అడగని ప్రశ్న అది. ఆ మధ్యాహ్నానికే మూడు పాళ్లు తేలాయి.

అందుకే ఆడపిల్ల కేసు వేసిందని తప్పుపట్టకండి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణతో కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కుంది, తండ్రి అంతకుముందే పోయినా సరేనని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఊళ్లో పెద్దమనుషుల పంచాయితీ మంచిదేనని నేనూ నమ్ముతాను, కానీ అక్కడ ఆడపిల్లకు పసుపు కుంకుమ కింద ఏదో చేతిలో పెట్టి సంతకం చేయించడం మనందరం చూసిందే. అవతలివాళ్లు జాగ అమ్మేస్తుంటే ఆగకూడదు, అమ్మకం ఆపమని కోర్టు ఇచ్చే ఇంజంక్షన్‌కు వెళ్లాల్సిందే. మీకు పాలు లేదు పొమ్మన్నారని తెలిసిన రోజు నుంచి కేసు వేయడానికి 12 ఏళ్లే గడువు, మొహమాటానికి అది దాటిపోనివ్వకండి.

అలాంటి తొందర లేకపోతే మాత్రం, జీపీఏ మీద సంతకం పెట్టేముందు ఒక్కసారి ఎదురెదురుగా కూర్చోండి. కేసు వేయకముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. లోక్ అదాలత్ అవార్డు, అంటే అక్కడ కుదిరిన రాజీ మీద ఇచ్చే తీర్పు, కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, నడుస్తున్న కేసైతే కట్టిన కోర్టు ఫీజు కూడా వాపసు వస్తుంది. అన్నదమ్ముల టెన్షన్ ఒక్కపూటలో పోతుందని అనను, మా అన్న నాతో మామూలుగా మాట్లాడటానికి ఇంకో ఏడాది పట్టింది.

మన సంఘం కమిటీ పెద్దలకు ఒక మనవి. సంక్రాంతి సభలో పాటల పోటీలకు ఇచ్చే సమయంలో రెండు గంటలు మనలో ఉన్న వకీళ్లకు ఇవ్వండి. ఇక ఆ ఆడబిడ్డకు: అక్కా, కేసు వాపసు తీసుకోమని నేను అడగను. మీరూ అన్నయ్యా ఒప్పుకుంటే లోక్ అదాలత్‌కు పంపమని కోర్టునే అడగండి. డిసెంబరులో నేను హన్మకొండలోనే ఉంటాను, రమ్మంటే మీ ఇద్దరి వెంటా వస్తాను.