ఆఫీసు మెషీన్లకు ఐపీ అడ్రస్ ఇవ్వడానికి ఫైర్‌వాల్ ఉండగా ఆ రౌటర్ డబ్బా ఎందుకు?

వైఫై సరిగా అందడం లేదని ఎవరో ఒకరు ఇంట్లో పడున్న పాత రౌటర్ తెచ్చి ఆఫీసు గోడ పోర్టుకు తగిలిస్తారు. అదీ రౌటర్‌కు బయటి నెట్ వచ్చే వాన్ పోర్టులో కాదు, లోపలి మెషీన్ల కోసం ఉండే లాన్ పోర్టులో. ఇక నెట్‌వర్క్‌లో రెండు డీహెచ్‌సీపీ సర్వర్లు, అంటే మెషీన్లకు ఐపీ అడ్రస్‌లు పంచేవి రెండు: మన ఫైర్‌వాల్, ఈ రౌటర్!

ఫైర్‌వాల్‌లో ఒక్కో వీలాన్‌కు (నెట్‌వర్క్‌లో విడదీసిన భాగానికి) అడ్రస్‌ల రేంజ్, బయటికి దారి అయిన గేట్‌వే, సైట్ పేర్లకు అడ్రస్‌లు చెప్పే డీఎన్ఎస్ అన్నీ చూసుకుని పెట్టుకుంటాం. ప్రింటర్లకు మ్యాక్ అడ్రస్‌తో (పరికరం గుర్తింపు నంబరుతో) ఎప్పుడూ ఒకే ఐపీ వచ్చేలా రిజర్వేషన్లూ ఇస్తాం. ఏం లాభం? కొత్తగా కనెక్టయిన ల్యాప్‌టాప్ నాకో అడ్రస్ కావాలని అందరినీ అడుగుతుంది, మామూలుగా ముందు ఎవరు పలికితే వాళ్లదే తీసుకుంటుంది. 10.20.30 వరుసలో ఉండాల్సిన మెషీన్‌లో ఐపీకాన్ఫిగ్ అనే కమాండ్ కొడితే 192.168.0.105 అని కనిపిస్తుంది. గేట్‌వే ఆ డబ్బానే, దాని వెనక ఇంటర్నెట్టే లేదు. వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, ఒక్క పేజీ తెరుచుకోదు.

అందరికీ ఒకేసారి పోయినా బాగుండు. పాత లీజు (అడ్రస్ వాడుకునే గడువు) ఉన్న మెషీన్లు సగం గడువు కాగానే తమకు అడ్రస్ ఇచ్చిన సర్వర్‌నే నేరుగా అడిగి పొడిగించుకుంటాయి. కాబట్టి పక్క సీటాయన "నాకు వస్తోందే" అంటాడు. తిట్లు మాత్రం ఫైర్‌వాల్‌కు, దాన్ని చూసుకునేవాళ్లకు.

స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ (నమ్మని పోర్టు నుంచి వచ్చే అడ్రస్ జవాబులను ఆపేసే సదుపాయం) ఆన్ చేసి, ఫైర్‌వాల్ వైపు పోర్టును మాత్రమే నమ్మమని చెబితే ఈ గోల ఉండదు. కానీ చవగ్గా వస్తుందని సెట్టింగులు మార్చే వీల్లేని అన్‌మేనేజ్డ్ స్విచ్ కొంటారు, అందులో ఆ సదుపాయమే ఉండదు. సిగ్నల్ అందకపోతే మాకో మాట చెప్పండి, యాక్సెస్ పాయింట్ మేమే పెడతాం కదా!