బావగార్ల బేరింగు

ఆదివారం ఉదయం సత్యనారాయణపురంలోని ఒక ఇంటి వాకిట్లో, ఎస్‌యూవీ ముందు ఇద్దరు వియ్యంకులు నిలబడి ఉన్నారు. మగపిల్లవాడి తండ్రి విజయవాడ ట్రెజరీలో పనిచేసి విరమించినవారు. ఆడపిల్ల తండ్రి గుంటూరు ఐటీఐలో మోటారు మెకానిక్ పాఠాలు చెప్పి విరమించినవారు. ఇద్దరూ ఒకరినొకరు "బావగారూ" అనే పిలుచుకుంటారు కనుక, పోల్చుకోవడానికి ఊరి పేరు చేర్చక తప్పలేదు. మర్యాద ఎంత దట్టంగా పడితే లోపల పోట్లాట అంత ముదిరినట్టు లెక్క.

బెజవాడ బావగారు: పెళ్లిలో మీరు ముచ్చటపడి ఇచ్చిన ఈ బండి 60 దాటేసరికి పిండిమరలా మూలుగుతున్నది, బావగారూ. వేగంతోపాటు మూలుగూ పెరుగుతున్నది. ఎడమకు మలుపు తిరిగినప్పుడు మరీ ఎక్కువ. కనుక ఎడమ చక్రం బేరింగు పోయిందని నేను నిర్ధారించాను.

గుంటూరు బావగారు: నిర్ధారణ దివ్యంగా ఉన్నది, చక్రం ఒక్కటే తప్పు. బండి ఎడమకు తిరిగితే బరువు కుడివైపు ఒరుగుతుంది. సిటీ బస్సు మలుపు తిరిగినప్పుడు నిలబడ్డవాళ్లు ఏ పక్కకు తూలుతారో తమకు తెలియనిది కాదు. బరువు పడిన బేరింగే అరుస్తుంది. పోయినది కుడి చక్రానిది.

బెజవాడ బావగారు: కుడివైపు కూర్చుని నడిపేది మావాడు. ఎడమవైపు కూర్చునేది మీ అమ్మాయి. ఏ లోపం వచ్చినా మగపెళ్లివారి వైపు నెట్టడం మీకు నిశ్చితార్థం నాటినుండీ అలవాటే.

గుంటూరు బావగారు: చక్రానికి ఆడపెళ్లివారూ మగపెళ్లివారూ తెలియరు, బావగారూ. వెనక చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టండి. ముందు చక్రం రెండువైపులా లేపి చూద్దాం. జాకీ మీద నిలిపి ఊరుకోకండి, కింద స్టాండు కూడా పెట్టండి. జాకీ జారితే ఈ ఇంటికి తద్దినం ఒకటి పెరుగుతుంది.

కుడి చక్రాన్ని గడియారంలో 12, 6 అంకెలు ఉండేచోట రెండు చేతులతో పట్టుకుని ఊపితే అది లటలటా కదిలింది. ఎడమది కదలలేదు. బెజవాడ బావగారికి సాక్ష్యం చాలలేదు.

గుంటూరు బావగారు: అయితే చక్రాన్ని నేను తిప్పుతాను, మీరు లోపలి కాయిల్ స్ప్రింగు మీద చెయ్యి ఆనించండి. బేరింగు పాడైతే ఆ గరగర స్ప్రింగులోకి పాకి చేతికి తెలుస్తుంది.

బెజవాడ బావగారు: తెలుస్తున్నది. కాని నాకు బీపీ ఉన్నది, వణుకు నాదై ఉండవచ్చు.

గుంటూరు బావగారు: బీపీ మాత్ర వేసుకుని మళ్లీ పట్టుకోండి, నేను తిప్పుతూనే ఉంటాను.

బెజవాడ బావగారు: సరే, కుడిదే అనుకుందాం. రెండేళ్లు కూడా నిండని బండికి ఈ జబ్బు ఎందుకు వచ్చినట్టు? 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఇది చక్రాల పైదాకా నీళ్లలో నిలబడింది. సీలు సందుల్లోంచి నీరు చేరి, గ్రీజు పాడై, లోపలి ఉక్కు గుండ్లకు తుప్పు పట్టింది. ఆ ఇల్లు అద్దె తక్కువని చూపించినది ఎవరు?

గుంటూరు బావగారు: నేనే. నీళ్లు వస్తున్నాయని తెలిసి, బండిని తీసి వంతెన మీద పెడతానని అల్లుడు ఫోను చేస్తే, మర్నాడు అమావాస్య, ఈ పూట వర్జ్యం ఉన్నది, కదపవద్దు అన్నది ఎవరు?

ఇక్కడ కొంతసేపు సుత్తి చప్పుడు తప్ప వేరే మాట వినిపించలేదు. చక్రాన్ని మోసే హబ్బు మధ్యలోని పెద్ద నట్టును చక్రం నేలమీద ఉండగానే, ఒకరు బ్రేకు తొక్కుతుండగా వదులు చేయాలి కనుక, లేపిన బండిని మళ్లీ దించారు. తొక్కినవారు ఎవరో, ఊడదీసినవారు ఎవరో చెప్పనక్కరలేదు. మళ్లీ లేపి చక్రం తీసిన తరువాత, బ్రేకును నొక్కిపట్టే క్యాలిపరును దాని రబ్బరు గొట్టానికి వేలాడదీయబోయిన బెజవాడ బావగారిని ఆపి, తీగతో స్ప్రింగుకు కట్టించవలసి వచ్చింది.

బెజవాడ బావగారు: ఇక ఈ బేరింగును ఒక ఇనుప ముక్క ఆనించి నాలుగు దెబ్బలు వేస్తే బయటికి వస్తుంది. కొత్తదీ అలాగే దిగుతుంది. ఇంటి పని ఇంట్లోనే అయిపోవాలని కదా మనం అనుకున్నది!

గుంటూరు బావగారు: పాతది పాడైనదే కనుక దాన్ని ఎంత కొట్టినా నష్టం లేదు, కాని కొత్తదాన్ని నకిల్‌లోకి, అంటే బేరింగు కూర్చునే లోహపు దిమ్మెలోకి, దించేటప్పుడు వెలుపలి రింగు మీదనే సమంగా ఒత్తాలి, లోపలి రింగు మీద దెబ్బ పడితే ఆ బలం గుండ్ల మీదుగా ప్రయాణించి, అవి నడిచే దారిలో గుంటలు పెడుతుంది, అప్పుడు కొత్త బేరింగు తొలిరోజే మూలుగుతుంది. నకిల్ మొత్తం ఊడదీసి ఆటోనగర్ తీసుకువెళ్లి ప్రెస్సు మీద ఎక్కించుకు వద్దాం.

బెజవాడ బావగారు: అంటే సగం పనే ఇంట్లో జరిగినట్టు. మా ఆవిడకు ఏమని చెప్పను?

గుంటూరు బావగారు: కష్టమైన సగం మీరు చేశారని చెప్పండి, నేను కాదనను.

ఆటోలో బెజవాడ బావగారు కొత్త బేరింగు అట్టపెట్టె విప్పి, బోల్టులు పోకుండా కొనుక్కున్న తన అయస్కాంతపు పళ్లెంలో దాన్ని భద్రంగా పెట్టబోయారు.

గుంటూరు బావగారు: ఆపండి బావగారూ! ఈ బేరింగుకు ఒక ముఖాన అయస్కాంతపు పూత ఉంటుంది. చక్రం ఎంత వేగంగా తిరుగుతున్నదో బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తాలూకు సెన్సారు దాన్నిబట్టే లెక్కపెడుతుంది. ఆ ముఖం సెన్సారు వైపే ఉండాలి, తిరగేసి ఎక్కిస్తే మళ్లీ ఊడదీయాలి. మీ పళ్లెం దాని రాతను చెరిపివేయగలదు.

బెజవాడ బావగారు: లక్షల బండికి మెదడు ఇంత పల్చగా పూస్తారని నాకు ఎవరు చెప్పారు?

సాయంత్రానికి అన్నీ బిగించారు. పాత హబ్ నట్టు పారేసి కొత్తది వేసి, చక్రం నేలకు దించిన తరువాత, బండి పుస్తకంలో రాసిన కొలతకు, బిగువు కొలిచే టార్క్ రెంచితో ఆఖరి బిగువు ఇచ్చారు. "టక్" మన్న తరువాత కూడా ఇంకొక పట్టు వేయబోయిన బెజవాడ బావగారి చేతిలోంచి రెంచి లాక్కోవలసి వచ్చింది. తరువాత ఇద్దరూ బందరు రోడ్డు మీదుగా ఊరు దాటేదాకా వెళ్లి వచ్చారు.

బెజవాడ బావగారు: ఎడమకు తిరిగితే చప్పుడు లేదు, ఒప్పుకున్నాను. కాని కుడికి తిరిగినప్పుడు చెవికి సన్నగా ఏదో వినిపించింది.

గుంటూరు బావగారు: నాకూ వినిపించింది. ఎడమ చక్రమూ ఆ నీళ్లలోనే కదా నిలబడింది! ఇంకా ఊగడం మొదలుపెట్టలేదు, మూలగడం మొదలుపెట్టింది.

బెజవాడ బావగారు: ఎడమది! మీ అమ్మాయి కూర్చునే వైపు! నేను పొద్దుననే చెప్పాను. వచ్చే ఆదివారం తిథి ఏమిటో చూసి—

గుంటూరు బావగారు: పంచాంగం జోలికి మాత్రం వెళ్లకండి బావగారూ, జాకీ ఎక్కడ పెట్టారో అది చూడండి.