శ్రీ కాలేయం గారికి, ఈ ఉదయపు 148 విషయమై

మహారాజశ్రీ కాలేయం గారికి,

కుడి డొక్క కింద, కిలోన్నర బరువుతో తమరు క్షేమమని తలుస్తాం. ఇక్కడ మేం క్షేమంగా లేం.

నిన్న రాత్రి ఏడున్నరకి రెండు పుల్కాలు, బీరకాయ కూర. పది గంటలకి వేలు పొడిచి చూస్తే షుగరు 124. ఆ తర్వాత మంచినీళ్ళు తప్ప నోట్లో ఏమీ పడలేదు. పొద్దున ఆరున్నరకి 148. ఆ అంకె చూసిన ఇంట్లోవాళ్ళ చూపు ముందు ఫ్రిజ్ మీదికి, అక్కణ్ణుంచి అరిసెల డబ్బా మీదికి పోయింది. "రాత్రి ఏమన్నా లేచారా?" అన్న ప్రశ్న మర్యాదగానే వచ్చింది. "పోనీ, ఒక్కటేగా, చెబితే ఏం పోతుంది" అన్నది ఇంకా మర్యాదగా వచ్చింది. తినని అరిసెకి క్షమాభిక్ష కూడా పెట్టేశారన్నమాట.

అయ్యా, ఆ అరిసె వండింది తమరు.

లెక్క చూద్దాం. గ్లూకోజు రక్తంలో ఒక్కచోటే ఉండదు, కణాల చుట్టూ ఉండే నీటిలోకీ పరుచుకుంటుంది. 70 కిలోల మనిషిలో ఆ జాగా సుమారు 14 లీటర్లు, అంటే 140 డెసిలీటర్లు. డెసిలీటరుకి 24 మిల్లీగ్రాముల చొప్పున పెరిగితే మొత్తం 3.4 గ్రాములు. చెంచాడు పంచదార కూడా కాదు. తమరేమో రాత్రంతా, మామూలు మనిషి లెక్క తీసుకున్నా, కిలో బరువుకి నిమిషానికి 2 మిల్లీగ్రాముల వంతున రక్తంలోకి పంపుతూనే ఉంటారు. గంటకి ఎనిమిది గ్రాముల పైన. పది నుంచి ఆరున్నర దాకా 70 గ్రాముల సరుకు గుమ్మం దాటింది. రోజుకి 120 గ్రాములు మింగే మెదడు అందులో సగానికి పైగా తీసుకుంది, మిగతాది మిగతావాళ్ళు పంచుకున్నారు. చివరికి తేడా వచ్చింది 3.4 గ్రాములు. ఏ కిరాణా కొట్టులోనైనా దీన్ని తరుగు కింద రాసేస్తారు. మా ఇంట్లో దొంగతనం కింద రాశారు.

పక్కనే కండరాలున్నాయి. తమ గోదాములో గ్లైకోజెన్, అంటే మూటకట్టి దాచిన గ్లూకోజు, 100 గ్రాములైతే వాటి దగ్గర 400 గ్రాముల దాకా ఉంటుంది. కానీ అక్కణ్ణుంచి ఒక్క గింజ బయటికి రాదు. గ్లూకోజుకి అంటించిన ఫాస్ఫేటుని ఊడదీస్తే తప్ప అది కణం గోడ దాటలేదు. ఊడదీసే ఎంజైము గ్లూకోజ్-6-ఫాస్ఫటేజు తమ దగ్గర ఉంది, కండరాల దగ్గర లేదు. మూత్రపిండాల దగ్గరా కొంత ఉంది, అవీ చాటుగా నాలుగు గింజలు అమ్ముకుంటాయి, అది వేరే కేసు. మొత్తానికి రాత్రిపూట ఊళ్ళో తాళంచెవి ఉన్న పెద్దమనిషి తమరే. సరుకు ఎవరు తీశారన్న విషయంలో ఇంక అనుమానం దేనికి?

పోనీ ఇదేమన్నా నిన్నా మొన్నా బయటపడ్డ సంగతా? 1855లో పారిస్‌లో క్లాడ్ బెర్నార్డ్ అనే శాస్త్రవేత్త ఒక కుక్క కాలేయాన్ని బయటికి తీసి, దాని రక్తనాళాల గుండా నలభై నిమిషాలు నీళ్ళు పారించి, చక్కెర జాడ లేకుండా కడిగేశాడు. మర్నాడు చూస్తే అందులో మళ్ళీ చక్కెర. ఒళ్ళు లేదు, భోజనం లేదు, ఆ మాటకొస్తే నోరే లేదు. 1857కల్లా గ్లైకోజెన్‌ని విడదీసి చూపించాడు కూడా. అరిసెల డబ్బా ప్రసక్తి లేకుండా ఫ్రాన్సులో ఎప్పుడో తేలిపోయిన కేసు మా వంటింట్లో ఇంకా వాయిదాల మీద నడుస్తోంది.

గోదాము సరుకుతో సరిపెట్టుకున్నా బాగుండేది. మీకు సొంత ఫ్యాక్టరీ కూడా ఉందాయె. మైటోకాండ్రియా అనే శక్తి పొయ్యిలు లేని ఎర్ర రక్తకణాలు గ్లూకోజుని సగం కాల్చి వదిలిన లాక్టేటు, కండరాలు పంపిన అలనైను, కొవ్వు కరిగితే వచ్చే గ్లిజరాలు, ఇలా ఊళ్ళోవాళ్ళు పారేసిన తుక్కంతా ఏరుకొచ్చి కొత్త గ్లూకోజు కడతారు. గ్లూకోజు విరిగే దారిలో మూడు చోట్ల వన్‌వే. ఎదురు వెళ్ళడం కుదరదు కాబట్టి నాలుగు ఎంజైములతో బైపాసులు వేసుకున్నారు. మొదటిది పైరువేట్ కార్బాక్సిలేజు, బయోటిన్ అనే విటమిన్ లేనిదే కదలదు. ఆఖరిది ఇందాకటి తాళంచెవే. ఒక్కో గ్లూకోజు కట్టడానికి ఖర్చు ఆరు ఏటీపీలు, అంటే కణాలు శక్తికి చెల్లించే నాణేలు, అందులో రెండు జీటీపీ అనే సాటి నాణెం రూపంలో. అదే గ్లూకోజుని ఎర్రకణం విరిస్తే చేతికొచ్చేది రెండు. ఆరు పెట్టి రెండు తెచ్చే వ్యాపారం ఇంకెవరన్నా చేస్తే ఐపీ పెట్టాల్సిందే. మీరు మాత్రం కొవ్వు కాల్చి ఆ నష్టం పూడ్చుకుంటూ తెల్లవార్లూ నడుపుతారు. ఆ ఏటీపీని 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి వెలికితీసినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మావాడు కనిపెట్టిన నాణేన్ని మా మీదే ఖర్చుపెడుతున్నారు, సంతోషం.

తెల్లవారుజామున మూడు దాటాక కార్టిసాలు అనే హార్మోను లేస్తుంది, అంతకుముందే గాఢనిద్రలో గ్రోత్ హార్మోను తన వంతు పని చేసి ఉంటుంది. మనిషి లేస్తాడు, పనికెళతాడు, చేతిలో నాలుగు డబ్బులు పెట్టండి అని మీకు సిఫారసు. ఇది అందరి ఇళ్ళలోనూ జరిగేదే. ఆరోగ్యంగా ఉన్నవాడి క్లోమం ఆ వేళకి కాస్త ఎక్కువ ఇన్సులిన్ వదిలి మిమ్మల్ని పట్టి ఉంచుతుంది. షుగరున్నవాడి దగ్గర ఆ పట్టు చాలదు. అక్కడివరకూ మేం అర్థం చేసుకున్నాం.

అర్థం కానిది ఒక్కటే. దానికోసమే ఈ ఉత్తరం.

పెళ్ళి బంతిలో "చాలు బాబోయ్" అని విస్తరికి చెయ్యి అడ్డం పెడతాం చూడండి, ఇన్సులిన్ అంటే ఆ చెయ్యి. రక్తంలో ఉన్నది సరిపోయింది, ఇక వడ్డించకు అని దానర్థం. ఆ చెయ్యి మీకు కనపడలేదనడానికి వీల్లేదు. క్లోమం వదిలిన ఇన్సులిన్ పోర్టల్ సిర గుండా నేరుగా మీ గుమ్మానికే వస్తుంది. గుండె, కండరాలు, కొవ్వు, అందరికంటే ముందు మీకే, అందరికంటే చిక్కగా మీకే. వచ్చినదాంట్లో సుమారు సగం మీ దగ్గరే ఖర్చయిపోయాక మిగతా ఊరికి చేరుతుంది. ఉత్తరం అందలేదు, పోస్టుమాన్ రాలేదు అనే సాకు ఇంకెవరన్నా చెప్పొచ్చు, నువ్వు చెప్పకూడదు.

అందింది, చదివావు కూడా. అదే కదా ఒళ్ళు మండేది! ఆ ఉత్తరంలో ముఖ్యమైన మాటలు రెండు. ఒకటి, చక్కెర వండడం ఆపు. రెండు, ఎక్కువైన పిండిపదార్థాన్ని కొవ్వుగా మార్చి దాచు. ఇన్సులిన్‌కి మొండికేసిన కాలేయం మొదటి మాట వినిపించుకోదు. రెండోది మాత్రం స్పష్టంగా వినపడుతుంది. పొయ్యి ఆర్పమంటే చెవుడు, బొజ్జ పెంచమంటే పాము చెవులు! ఒకే నోటి మాట, ఒకే చెవి, సగం చెవుడు. ఆ కొవ్వు కొంత ట్రైగ్లిజరైడ్లుగా రక్తంలోకి, కొంత నీ ఒంట్లోకే. అదే స్కానింగ్ రిపోర్టులో "ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1" అని వస్తే, అందరికీ ఉండేదేలే అని ఫైల్లో పెట్టేస్తాం. నీలో కొవ్వు చేరినకొద్దీ నీ చెవుడు ముదురుతుంది, చెవుడు ముదిరినకొద్దీ క్లోమం గొంతు చించుకుంటుంది, ఆ అరుపుకి నువ్వు ఇంకాస్త కొవ్వు కడతావు. పైనుంచి పొట్టకొవ్వు పంపే ఫ్యాటీ ఆసిడ్లు నీ ఫ్యాక్టరీకి వంటచెరకు. కొన్నేళ్ళకి క్లోమం గొంతు పోతుంది. అప్పుడు ఆ మనిషికి షుగరొచ్చింది అంటారు, తీపి మానుకోమంటారు. తీపి!

తిన్నాకైనా ఊరుకుంటావా? భోజనం దిగగానే వంట ఆపాల్సినవాడివి. అప్పుడూ ఆపవు. క్లోమంలోనే పక్క గదిలో ఉండి, చక్కెర వదలమని నీకు చెప్పే హార్మోను గ్లూకగాన్ తగ్గాల్సిన వేళ తగ్గదు, దాన్ని అడ్డం పెట్టుకుని నువ్వూ వండుతూనే ఉంటావు. పళ్ళెంలోది ఒకటి, నీది ఒకటి, రెండు వడ్డనలూ ఒకేసారి. పోస్ట్ లంచ్ 240 వచ్చిందంటే ఆ అపరాధం మొత్తం గుప్పెడు అన్నం నెత్తిన పడుతుంది.

రాత్రి భోజనం మానేసి నిన్ను సాధించాలనుకునేవాళ్ళు కొందరున్నారు. పాపం, వాళ్ళకి తెలియదు, గోదాము ఖాళీ అయ్యేకొద్దీ నువ్వు ఫ్యాక్టరీ జోరు పెంచుతావని. ఏకాదశి ఉపవాసం నీకో లెక్కా? అన్నం మాని గ్లాసెడు రాగిజావ తాగేవాళ్ళు ఇంకొందరు. మెత్తటి పిండి, అందులోనూ కాచినది, అన్నంలాగే అదీ తొందరగా షుగరు పెంచుతుంది. పొద్దున్నే కాకరకాయ రసంతో మొహం చిట్లించేవాళ్ళకి, నువ్వు మూడింటినుంచే జోరు పెంచావని ఎవరు చెబుతారు? తెల్లారగట్ల జిమ్‌లో విపరీతంగా బరువులెత్తి, ఆ వెంటనే చూసుకుంటే షుగరు పెరిగి ఉంటుంది, అడ్రినలిన్ కేకేయగానే గోదాము తలుపు బార్లా తీస్తావు కాబట్టి. రాత్రి తిన్నాక పదిహేను నిమిషాలు నడిస్తే నయం. కదిలే కండరం ఇన్సులిన్ చీటీ లేకుండానే గ్లూకోజుని లోపలికి లాక్కుంటుంది.

ల్యాబుల సంగతీ ఇక్కడే అనేస్తాను. షుగరుకి తీసిన రక్తం బూడిదరంగు మూత గొట్టంలో, అంటే ఫ్లోరైడు ఉన్నదాంట్లో పోయాలి. మామూలు గొట్టంలో పోసి పక్కన పెడితే రక్తకణాలు గంటకి 5 నుంచి 7 శాతం తినేస్తాయి. అప్పుడు నీ నేరం కాగితం మీద తగ్గి కనపడుతుంది. గ్లూకోమీటరేమో 15 శాతం అటూ ఇటూ చూపించినా ప్రమాణాల ప్రకారం మంచి మీటరే. మామిడిపండు కోసిన చెయ్యి కడుక్కోకుండా పొడిస్తే ఆ అంకె మామిడిపండుది.

నిన్ను దారిలో పెట్టడానికి ఉన్నది మెట్‌ఫార్మిన్. 1957లో పారిస్‌లోనే జాన్ స్టెర్న్ రోగుల మీద వాడి చూపించాడు, బెర్నార్డ్ ఊరివాళ్ళకి నీ మీద కక్ష పోయినట్టు లేదు. అది ప్రధానంగా నీ ఫ్యాక్టరీనే నెమ్మదింపజేస్తుంది. తిన్నాక వేసుకోవాలి, లేకపోతే కడుపు తిప్పుతుంది. ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకి విటమిన్ బి12 తగ్గొచ్చు, చూపించుకుంటుండాలి, అరికాళ్ళ తిమ్మిరి అంతా షుగరు పనే కాకపోవచ్చు.

అన్నిటికంటే మండించింది ఇంగ్లండులోని న్యూకాజిల్ వాళ్ళు 2011లో ప్రచురించిన ఫలితం. షుగరున్న 11 మందికి డాక్టర్ల కనుసన్నల్లో రోజుకి 600 కేలరీల తిండి పెట్టారు. వారం తిరిగేసరికి వాళ్ళ కాలేయాల్లో కొవ్వు 30 శాతం తగ్గింది, ఫాస్టింగ్ షుగరు మామూలుకి దిగింది. వారం! అంటే నీకు చెవుడు లేదు. చెవిలో గుబిలి ఉంది. అది తీస్తే ఏడు రోజుల్లో వినపడుతుంది. ఇన్నేళ్ళూ మమ్మల్ని అరిసెల దొంగల్ని చేసి నువ్వు చెవిలో నెయ్యి పోసుకుని కూర్చున్నావన్నమాట.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోక తప్పదు. వాన్ గీర్కే జబ్బుతో పుట్టే పిల్లలుంటారు. కాలేయంలో ఆ తాళంచెవి ఎంజైము ఉండదు. గోదాము నిండా సరుకు, కాలేయం ఉబ్బి పొట్ట ముందుకొస్తుంది, ఒక్క గింజ బయటికి రాదు. ఆ పిల్లలకి రాత్రిపూట కూడా కొన్ని గంటలకోసారి పచ్చి మొక్కజొన్న పిండి నీళ్ళలో కలిపి పట్టాలి. ఉడికించకూడదు, ఉడికితే తొందరగా అరిగిపోతుంది. ఏ రాత్రన్నా అలారం మోగకపోతే మూర్ఛ రావచ్చు. ఆ అమ్మ మూడింటికి లేచి చేసే పని నువ్వు మాకు అడక్కుండా చేస్తున్నావు, పుట్టినప్పటినుంచీ. ఖాళీ కడుపున మందు కొట్టి పడుకున్నవాడి దగ్గర నువ్వు ఫ్యాక్టరీ ఆపేసి సారా వదిలించే పనిలో పడతావు. వాడు ఇన్సులినో, క్లోమం చేత ఇన్సులిన్ వదిలించే గ్లిమెపిరైడ్ మాత్రో వాడుతున్నవాడైతే తెల్లారేసరికి లేవకపోవచ్చు. గోదాము కూడా ఖాళీ అయితే గ్లూకగాన్ ఇంజెక్షనుకీ నువ్వు పలకలేవు. కాబట్టి నిన్ను పూర్తిగా ఆపేయమనడం లేదు. ఆపమన్నప్పుడు ఆపు, అంతే.

ఈ రాత్రి ఏర్పాట్లు చెబుతాను, తర్వాత చెప్పలేదనొద్దు. పది గంటలకి ఒక స్ట్రిప్పు, మూడింటికి ఒకటి, ఆరున్నరకి ఒకటి. మూడింటికి 70 కంటే తక్కువుంటే తప్పు నీది కాదు, మందు మోతాదుది, డాక్టరుతో మాట్లాడతాం. మూడు నుంచి ఆరున్నరకి ఎక్కితే మాత్రం అది నువ్వే. అరిసెల డబ్బా ఇంట్లోవాళ్ళ తలగడ పక్కనే ఉంటుంది, తాళం వేసి. లెక్క కూడా పెట్టించాం. పదకొండున్నాయి.

ఇట్లు,
రాత్రి లేవని మనిషి

తా.క.: ఈ ఉత్తరం నకలు క్లోమానికి పంపడం లేదు. ఇప్పటికే అరిచి అరిచి అలసిపోయి ఉంది.