పులిహోర గిన్నె కింద ఉత్తరం

ఇప్పుడే ఒక అన్నప్రాసన నుంచి వచ్చా. ఒళ్ళు మండిపోతోంది. చీర కూడా మార్చుకోకుండా రాస్తున్నా.

టేబుల్ మీద పులిహోర గిన్నె. టేబుల్ కాలకుండా దాని కింద ఏదో కాగితం నాలుగు మడతలు పెట్టి పెట్టారు. చూద్దును కదా, ఊరి నీళ్ళ డిపార్ట్‌మెంటు ఉత్తరం! వీధి పైపు నుంచి మీ ఇంటికొచ్చే సర్వీస్ లైన్ ఏ లోహమో మాకు తెలియదు, లెడ్, అంటే సీసం, కావచ్చు అని. "ఇదేంటన్నయ్యా?" అంటే "ఏదో జంక్ మెయిలమ్మా, ఏటా వస్తుంది" అన్నాడు.

జంక్ మెయిలట! నేను చేసే ఉద్యోగమే అది. చిన్న ఊళ్ళకి ఆ జంక్ మెయిల్ దాకా రావడానికి సాయం చేయడం. ఈ అమెరికాలో చిన్న ఊరి నీళ్ళ ఆఫీసంటే చాలాచోట్ల ఒక్క మనిషి. మీటర్లు ఆయనే, మురుగునీళ్ళ ప్లాంటు ఆయనే, జనవరిలో రోడ్డు మీద మంచు తోసే బండీ ఆయనే. అలాంటాయన్ని పట్టుకుని 2024 అక్టోబర్ 16 లోపు ప్రతి ఇంటి పైపూ ఏ లోహమో జాబితా ఇమ్మంది ఈపీఏ, అదే ఇక్కడి పర్యావరణ శాఖ. రికార్డులు ఎక్కడున్నాయంటే చెప్పుల పెట్టెలో. పెన్సిల్‌తో రాసిన కార్డులు, సగం చెరిగిపోయి. నేనూ ఆయనా వారాల తరబడి ఒక్కోటీ ఎక్సెల్‌లో ఎక్కించాం. తేలనివాటికి "తెలియదు" అని రాశాం. ఆ ఇళ్ళకి ఏటా ఉత్తరం పంపాలి. అన్నయ్యది నేను చూసే ఊరు కాదు, కానీ అక్కడా ఇలాంటి పెద్దాయన ఒకరు ఉండే ఉంటాడు. ఆయన కష్టం పులిహోర కిందకి చేరింది.

పోనీ చూడ్డానికి ఎంతసేపు? బేస్‌మెంట్‌లోకి దిగి మీటరు దగ్గర పైపుని నాణెంతో గీకాలి. వెండిలా మెరిసి, అయస్కాంతం అంటకపోతే లెడ్. ఐదు నిమిషాలు. కానీ అన్నయ్య క్లౌడ్ ఆర్కిటెక్ట్. మేఘాల్లో తిరిగే మనిషికి మెట్లు దిగడం కష్టం కదా పాపం.

ఇంతలో వదిన పాలపొడి కలపడానికి కుళాయి తిప్పింది, వేడినీళ్ళ వైపుకి! వేడినీళ్ళలో లెడ్ ఇంకా బాగా కరుగుతుంది, చల్లనీళ్ళే పట్టండి వదినా అన్నా. వెంటనే ఒక బాబాయిగారు, "మరిగిస్తే పోతుందమ్మా." మరిగిస్తే పురుగు చస్తుంది బాబాయ్, లోహం చావదు! చారు ఎక్కువసేపు మరిగితే ఉప్పెక్కుతుందని తెలుసు కదా, ఇదీ అంతే. "ఫిల్టరుందిలే" అని ఇంకొకరు. దాని మీద ఎన్‌ఎస్‌ఎఫ్ 53 అనే ఫిల్టర్ల ప్రమాణం ముద్ర, లెడ్ తగ్గిస్తుంది అన్న మాట ఉన్నాయా అంటే, ఫిల్టర్ ఫిల్టరేనట.

మిషిగన్ రాష్ట్రంలో ఫ్లింట్ అనే ఊళ్ళో ఏం జరిగింది? 2014లో డబ్బు మిగులుతుందని నది నీళ్ళకి మారారు, తుప్పు ఆపే ఫాస్ఫేట్ కలపలేదు, నీళ్ళు పైపుల్ని తినేశాయి. పిల్లల రక్తంలో లెడ్ పెరిగిందని మోనా హన్నా-అటీషా అనే పిల్లల డాక్టరు లెక్కలతో చూపిస్తే ముందు ఆవిడనే తప్పుపట్టారు. అంతదాకా ఎందుకు, 2020 డిసెంబర్‌లో ఏలూరు! జనం మూర్ఛలొచ్చి పడిపోతే, రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది. అప్పుడు ఈ బాబాయిగారే తెల్లార్లూ ఫార్వర్డులు పంపారు.

అసలు కడుపుమంట ఇది కాదులెండి. బయల్దేరుతుంటే ఒకావిడ, "నువ్వింకా ఆ ప్లంబింగ్ ఉద్యోగమేనా? ఏదో కోర్సు చేసి ఐటీకి మారకూడదూ?" అంది. కౌన్సెలింగ్‌లో సివిల్ పెట్టినరోజు మా పెద్దత్త "ఇటుకలు మోస్తావా" అన్నప్పటి నుంచీ వింటున్నా. పెళ్ళిచూపుల్లో ఒకబ్బాయి "సివిల్‌కి హెచ్1బి ఇస్తారా" అని నన్నడక్కుండా మా నాన్నని అడిగాడు! ప్లంబర్ అంటే తిట్టు కాదండీ. సీసానికి లాటిన్లో ప్లంబమ్ అని పేరు, ఆ మాట అక్కణ్ణుంచే వచ్చింది. షికాగోలో 1986 దాకా ఇళ్ళకి లెడ్ పైపే వేయాలని రూలు. ఇప్పుడవన్నీ తవ్వి తీయాల్సింది ఏ క్లౌడు?

ఇది రాస్తుండగా అన్నయ్య మెసేజ్. మసకమసక ఫోటో ఒకటి. "అమ్మాయ్, కిందకి దిగా. అయస్కాంతం అంటుకుంది. లెడ్ కాదు కదా, సంతోషమా?"

అది గాల్వనైజ్డ్, జింకు పూత పూసిన ఇనప పైపు అన్నయ్యా. నీళ్ళొచ్చే దారిలో దానికి ముందు ఎప్పుడైనా లెడ్ పైపు ఉండి ఉంటే అదీ మార్చాల్సిందే. ఆ ఉత్తరం తీసి వెనకవైపు చదువు, నూనె మరకల మధ్యలో ఎక్కడో ఫోన్ నంబరుంటుంది.