నూట అరవై డిగ్రీల ఖీమా

చికాగో నుంచి మా చెల్లె పదిహేను రోజులకని నల్లగొండ వచ్చింది. మూడో రోజే "ఈ పూట వంట నాది, ఖీమా పాస్తా, ఒక్క పాన్‌లో అయిపోతుంది" అని ప్రకటించింది. మా వంటింటికి తాళం లేదు గానీ మా ఇంటామె ఉంది. ఉల్లిగడ్డలు కోయడానికి నన్ను ఇద్దరి మధ్య కూర్చోబెట్టారు కాబట్టి ఇదంతా స్వయంగా విన్నదే. కన్నీళ్లు మాత్రం ఉల్లిగడ్డలవి.

వదిన: ఒక్కదాంట్లోనే ఎందుకు పిల్లా? మనింట్లో గిన్నెలకు కరువా? నా పెళ్లి సామాను ఇంకా అటక మీదే ఉంది.

మరదలు: చూస్తూ ఉండు వదినా. అక్కడైతే బీఫ్ ఖీమాతో చేస్తారు. ఎనభై పాళ్లు కండ, ఇరవై పాళ్లు కొవ్వు అని ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది. నూనె అక్కర్లేదు, దాని కొవ్వులోనే అది వేగుతుంది. ఎక్కువైతే వంపేస్తాం.

వదిన: మీ అన్న తెచ్చింది అరకిలో యాట ఖీమా. ఆ యాట నీలాగే డైటింగ్ చేసినట్టుంది, వంపడానికి కొవ్వెక్కడిది? రెండు గంటెల పల్లినూనె పోయి.

మరదలు: గంటెలా! రెండు చెంచాలు.

(చివరికి పడింది గంటెన్నర.)

మరదలు: వదినా, కలపకు! కాసేపు కదపకుండా వదిలేస్తేనే అడుగు ఎర్రగా వేగుతుంది.

వదిన: పొయ్యి మీద కూర ఉంటే నా చేయి ఊరుకోదు.

మరదలు: అయితే ఆ చేత్తో మా అన్నకు ఉల్లిగడ్డ అందించు.

(ఖీమాను కుప్పగా చేసి అందులో ఏదో పుల్ల గుచ్చింది.)

వదిన: అదేంది, జ్వరం చూస్తున్నావా?

మరదలు: థర్మామీటరే. నూట అరవై రావాలి.

వదిన: నూట అరవై! మా పిల్లగానికి నూట రెండుకే ఆటో ఎక్కి ఆస్పత్రికి ఉరికినం.

మరదలు: ముక్కకైతే క్రిములు పైపైనే ఉంటాయి వదినా. ఖీమా కొట్టేటప్పుడు అవి లోపలంతా కలిసిపోతాయి. అందుకే లోపలి దాకా వేడెక్కాలి.

వదిన: కుక్కర్లో మూడు విజిల్స్ ఇస్తే క్రిమీ పోతుంది, యాటా మెత్తబడుతుంది. ఇటు తే.

మరదలు: కుక్కర్ పెడితే ఒక్క గిన్నె వంట ఎట్లా అవుతుంది?

వదిన: కుక్కర్ గిన్నె కాదు. కుక్కర్ కుక్కరే.

(మూడు విజిల్స్ వచ్చాయి. ఖీమా మళ్లీ పాన్‌లోకి వచ్చింది. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, టమాట పడ్డాయి.)

మరదలు: ఇప్పుడు పాస్తా పచ్చిదే వేస్తా. పావుకిలోకు మూడు గ్లాసుల నీళ్లు.

వదిన: కడగకుండానా! అసలు ఏం గింజ ఇది?

మరదలు: గింజ కాదు, గట్టి రకం గోధుమ రవ్వతో చేసింది.

వదిన: అంటే సేమియా. వంకరగా పుట్టిన సేమియా. సరే, ఉడికినాక గంజి వంచు.

మరదలు: అయ్యో, వంచొద్దు! ఆ గంజితోనే పులుసు చిక్కబడేది. వేరే ఉడికించి వంచితే ఆ చిక్కదనమంతా మోరీ పాలు.

వదిన: గంజి నా పోచంపల్లి చీరకు పెడతారు పిల్లా, చుట్టాలకు కాదు.

(మూత పడింది. పన్నెండు నిమిషాలని ఫోన్‌లో పెట్టుకుంది.)

వదిన: ఇది నీకు ఎవరు నేర్పారు?

మరదలు: ఎవరూ నేర్పలేదు. చదువుకునేటప్పుడు నలుగురం ఒకే ఇంట్లో ఉన్నాం, నలుగురికీ ఒకటే పాన్. అన్నం ఒకసారి, కూర ఒకసారి అంటే నా వంతు వచ్చేసరికి రాత్రి పదకొండయ్యేది. అందుకే అన్నీ ఒకేసారి వేసేసేదాన్ని. బయట మంచు. పాన్ కింద తువ్వాల మడతపెట్టి, ఒళ్లో పెట్టుకుని తినేదాన్ని. కాళ్లు కూడా వెచ్చబడేవి.

(మా ఇంటామె ఏమీ అనలేదు. పెళ్లయిన పదిహేనేళ్లలో ఇది రెండోసారి.)

వదిన: ఒక్క మాట చెబితే పోయేటప్పుడే నాలుగు గిన్నెలు పెట్టేదాన్ని కదా.

మరదలు: పెట్టెకు ఇరవై మూడు కిలోలే వదినా. రెండు పెట్టెలూ నీ పచ్చళ్లే తిన్నాయి.

(మూత తీసింది. ఒకసారి వాసన చూసింది. మళ్లీ చూసింది.)

మరదలు: ఇందులో పుదీన ఎట్లా వచ్చింది?

వదిన: మూత పెట్టేటప్పుడు జారింది.

మరదలు: గరం మసాలా?

వదిన: పుదీన వెంట పోయింది.

చీజ్ తురిమి, పళ్లేల్లో పెట్టుకుని తిన్నాం. అడుగున కొంచెం అంటుకుంది. నేనైతే ఇక యుద్ధమే అనుకున్నా. మా ఇంటామె గంటెతో గీకి నోట్లో వేసుకుని, "సర్వపిండి అడుగులాగ కరకరలాడుతోంది" అంది. ఆ మాటతో చెల్లె కూడా చెంచా పట్టుకుని వచ్చింది. తర్వాత పది నిమిషాలు పాన్ అటు ఇటు లాక్కోవడమే. నాకు ఒక్క పలుకు రాలేదు.

తోమే వంతు మాత్రం నాకే వచ్చింది. సింకులో లెక్కపెట్టాను. పాన్, కుక్కర్, కుక్కర్ మూత, ఖీమా కడిగిన బేసిన్, రెండు గంటెలు, తురుముడు పీట, మూడు పళ్లేలు.

"ఒక్క గిన్నె అన్నారు కదా?" అన్నాను.

"కుక్కర్‌ను లెక్కలో కలపకు," అని ముందుగదిలోంచి ఇద్దరూ ఒకేసారి అరిచారు.