‘పుణ్యాత్ములు, స్వామి సన్నిధిలో పోయారు’ అనే మాట ఇక ఆపండి

2025 ఏప్రిల్ 30, చందనోత్సవం. సింహాచలం అప్పన్న స్వామి గుడి దగ్గర ఇంకా తెల్లవారకముందే, 300 రూపాయల టికెట్ క్యూలో నిలబడ్డవాళ్ల మీద గోడ కూలి ఏడుగురు చనిపోయారు. చందనం పూత తీసి ఏడాదికి ఒక్కరోజు ఇచ్చే స్వామి నిజరూప దర్శనం కోసం నిద్ర మానుకుని వచ్చినవాళ్లు. ఆ రోజు నుంచి మా విశాఖలో ఎంతమంది నోట విన్నానో, ‘పుణ్యాత్ములండీ, స్వామి సన్నిధిలో పోయారు, అందరికీ దొరుకుతుందా అలాంటి చావు’ అని. టీ కొట్టు దగ్గర విన్నాను, ఆఫీసులో విన్నాను, మా అపార్ట్‌మెంట్ మెట్ల మీద విన్నాను. అన్నవాళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు, జాలితోనే అన్నారు. అయినా ఆ మాట వింటే నాకు ఒళ్లు మండిపోతుంది.

అది ఉత్సవానికి కొద్ది రోజుల ముందు కట్టిన గోడ. రాత్రి వాన పడింది, గోడ నానింది, కూలింది. దాన్ని ఒక మనిషి కట్టాడు, ఇంకో మనిషి కట్టమన్నాడు, మరో మనిషి చూసో చూడకుండానో సరే అన్నాడు. దాని పక్కనే క్యూ వెళ్లాలని కూడా మనుషులే నిర్ణయించారు. తర్వాత విచారణ జరిగింది, అధికారుల్ని సస్పెండ్ చేశారు, అది వేరే కథ. కానీ జనం నోట్లో ఆ గోడ కట్టినవాళ్ల ప్రస్తావనే లేదు. పుణ్యం ఉంది, రాత ఉంది, స్వామి పిలుపు ఉంది. సిమెంటు లేదు, పునాది లేదు, సంతకం పెట్టినవాడు లేడు. ఏడు కుటుంబాలకి మనం చేసింది ఇదీ.

నేను నాస్తికుణ్ణి. ఈ మాట దాచుకోను, అలాగని నెత్తిన పెట్టుకుని ఊరేగను కూడా. మా అమ్మ ఈ రోజుకీ బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వెళ్లి అమ్మవారికి స్వయంగా పసుపు, కుంకుమ పెట్టి వస్తుంది, మార్గశిర గురువారాలైతే ఆ తెల్లవారుజాము రద్దీలో ఆవిణ్ణి బండి మీద దింపేది నేనే. ఎవరి పూజ గదిలోకీ తొంగిచూసే ఉద్దేశం నాకు లేదు. నా గొడవంతా ఒక్కటే. ఏది జరిగినా ‘రాసిపెట్టి ఉంది’ అనేయడం మనకి అలవాటైపోయింది, ఆ అలవాటు వల్ల తప్పు చేసినవాడు ప్రతిసారీ క్షేమంగా బయటపడుతున్నాడు, నష్టపోయినవాడే పోయిన జన్మలో ఏ పాపం చేశాడో అనిపించుకుంటున్నాడు.

మన ఊళ్లోని ఎల్జీ పాలిమర్స్ ప్లాస్టిక్ ఫ్యాక్టరీ గుర్తుందా? 2020 మే 7, తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో జనం పడుకున్నవాళ్లు పడుకున్నట్టే ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ ఆవిరి పీల్చారు, బయటికి పరుగెత్తినవాళ్లు రోడ్ల మీద పడిపోయారు. పన్నెండుమంది పోయారు. పశువులు కట్టుకొయ్యల దగ్గరే పడిపోయాయి. ఆ వారంలో నాకు వచ్చిన వాట్సాప్ మెసేజీల్లో సగం గ్రహాల గురించే. శార్వరి నామ సంవత్సరం, ఫలానా రాశికి గండం, పంచాంగంలో ముందే రాశారు. స్టైరీన్‌కి పంచాంగం తెలియదండీ! దాన్ని చల్లగా ఉంచాలి, లోపల దానంతటది గట్టిపడకుండా ఆపే రసాయనం సరిపడా కలిపి ఉంచాలి, ట్యాంకులో వేడి పైనా కిందా ఎంతుందో చూస్తూ ఉండాలి. లాక్‌డౌన్‌లో ట్యాంకులో నిలవ ఉన్నప్పుడు ఆ జాగ్రత్తలు తప్పాయి, వేడి పెరిగింది, పెరిగినకొద్దీ చర్య వేగం పెరిగింది, ఇంకా వేడెక్కింది, ఆవిరై బయటికి వచ్చింది. జనాన్ని అప్రమత్తం చేసే సైరన్ మోగలేదు. వీటిలో ప్రతిదానికీ ఒక బాధ్యుడు ఉంటాడు. గండం అన్నామంటే ఆ బాధ్యుడు ఇంటికి వెళ్లి హాయిగా పడుకోవచ్చు.

ఇప్పుడు దీనికి పూర్తి ఎదురుగా ఉన్నది చూడండి. హుద్‌హుద్ తుపాను. 2014 అక్టోబర్ 12, ఆదివారం. ఈ ఊళ్లో అప్పుడున్న వాళ్లెవరికీ ఆ గాలి చప్పుడు చచ్చేదాకా మరపు రాదు. చెట్లు లేవు, కరెంటు లేదు, ఎయిర్‌పోర్టు పైకప్పు ఎగిరిపోయింది, పాల ప్యాకెట్ కోసం కొట్టుకున్నాం. కానీ మనుషులు బతికారు. వాతావరణ శాఖ రోజుల ముందే విశాఖ దగ్గరే తీరం దాటుతుందని చెప్పింది, తీరం వెంట ఊళ్ల నుంచి జనాన్ని లక్షల్లో ఖాళీ చేయించారు. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో ప్రభుత్వ లెక్కల ప్రకారమే పదివేల మంది దాకా పోయారు. హుద్‌హుద్‌లో మన రాష్ట్రంలో పోయినవాళ్లు పదుల సంఖ్యలో ఉన్నారు. రెండు తుపాన్లూ ఒకలాంటివి కాదు, అక్కడ సముద్రం ఇంకా ఎక్కువ పొంగింది, ఒప్పుకుంటాను. అయినా ఇంత తేడా ఎక్కడినుంచి వచ్చింది? 1977లో జనం భక్తి తక్కువై కాదు కదా. ఉపగ్రహాలు వచ్చాయి, రాడార్లు వచ్చాయి, షెల్టర్లు కట్టారు, కలెక్టర్లు ముందుగా కదలడం నేర్చుకున్నారు. అలా వందల మంది ఉద్యోగులు నిద్ర లేకుండా చేసిన పనిని పక్కనపెట్టి, ‘సింహాద్రి అప్పన్నే కాపాడాడు’ అంటే, నిజంగా కాపాడినవాళ్లకి ఒక్క దండమైనా దక్కకుండా పోతుంది.

రోగాల సంగతికి వస్తే నా కోపం ఇంకా ఎక్కువ.

పచ్చకామెర్లు అనగానే పసరు. డిగ్రీలు చదివినవాళ్లూ అంతే. మా వీధిలో ఆటో నడుపుకునే ఒకాయనకి కళ్లు పచ్చబడితే, ఊరికి దూరంగా ఎవరో పసరు పోస్తారని తీసుకెళ్లారు, పత్యం పెట్టారు, ఉప్పు మాన్పించారు, చేతి మీద వాత కూడా వేయించారు. ఆయనకున్నది పిత్త నాళంలో రాయి. రాయికి పసరు ఏం చేస్తుంది? ఒళ్లంతా దురదలు పుట్టి, జ్వరం వచ్చి, మనిషి సగమయ్యాక అప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లారు. బతికాడు, కానీ ఆటో అమ్మేశారు. దీని గురించి వాళ్ల వదినగారిని అడిగితే ‘ఎంతమందికి తగ్గలేదు బాబూ ఆ పసరుతో?’ అన్నారు. తగ్గిందమ్మా, నిజమే. ఎందుకు తగ్గిందో చూడాలి. మురికి నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఈ రకాలు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. పసరు తాగినా తగ్గుతాయి, మజ్జిగ తాగినా తగ్గుతాయి. ఆ పేరు పసరుకి వచ్చేసింది. హెపటైటిస్ బి ఉన్నవాడో, రాయి ఉన్నవాడో, గడ్డ ఉన్నవాడో అదే నమ్మకంతో అదే గుమ్మం ముందు కూర్చుంటాడు, వాడికి తగ్గదు, వాడి గురించి ఎవరూ చెప్పుకోరు.

పాము మంత్రం కూడా ఇంతే. మన చుట్టూ తిరిగే పాముల్లో చాలావాటికి విషమే లేదు. విషమున్న పాము కూడా కొన్నిసార్లు కరిచి విషం ఎక్కించదు. అలాంటివాడి చెవిలో మంత్రం చదివితే లేచి కూర్చుంటాడు. కట్లపాము కరిస్తే వాపు ఉండదు, పెద్దగా నొప్పి ఉండదు, కరిచిన చోటు కూడా సరిగ్గా కనపడదు. మంత్రగాడు తగ్గిపోయిందంటాడు, ఇంటికి పంపిస్తాడు, కాసేపటికి రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, ఊపిరి ఆగిపోతుంది. నాగుపాముకీ, కట్లపాముకీ, రక్తపింజరకీ, చిన్నపింజరకీ కలిపి ఒకే విరుగుడు ఇంజక్షన్ ఉంది, సర్కారు ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. మధ్యలో పోయిన ఆ రెండు గంటలే ప్రాణం.

పైన ఏజెన్సీలో జరిగేది ఇంకా ఘోరం. పాడేరు, చింతపల్లి వైపు ‘చిల్లంగి పెట్టారు’, అంటే చేతబడి చేశారు అనే అనుమానం మీద మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు పేపర్లో ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. ఊళ్లో వరసగా ఇద్దరు పిల్లలు జ్వరంతో పోతారు. మలేరియా కావచ్చు, ఇంకేదైనా కావచ్చు, పరీక్ష చేసేవాళ్లు లేరు, రోడ్డు లేదు, గర్భిణిని డోలీలో మోసుకురావాల్సిన ఊళ్లు ఇంకా ఉన్నాయి. అప్పుడు ఊరివాళ్ల కళ్లు ఒక ముసలాయన మీదో, ఒంటరి ఆడమనిషి మీదో పడతాయి. అలాంటి వార్త రాగానే సిటీలో కూర్చుని ‘అడవి మనుషులు, చదువు లేదు’ అనేవాళ్లని చూస్తే నాకు వాళ్ల మీదే ఎక్కువ కోపం వస్తుంది. రోడ్డు, రక్తపరీక్ష, డాక్టరు ఇవ్వకుండా వాళ్ల నమ్మకాన్ని మాత్రం తప్పుపట్టే హక్కు మనకెక్కడిది? పైగా చదువు లేకపోవడమే కారణమైతే, 2021 జనవరిలో మదనపల్లెలో జరిగినదానికి ఏం చెబుతారు? తండ్రి డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పేవాడు, తల్లి స్కూలు నడిపే మనిషి. మళ్లీ బతికొస్తారనే నమ్మకంతో ఎదిగిన ఇద్దరు కూతుళ్లని సొంత ఇంట్లో చంపేశారు. సైన్సు చదవడం వేరు, ప్రశ్న అడగడం వేరు, మన చదువుల్లో రెండోది లేదు.

మన సిటీ చదువుకున్నవాళ్ల సంగతి చూడండి. ప్రసవానికి ముహూర్తం. నెలలు నిండాయో లేదో చూసుకోకుండా, రోహిణీ నక్షత్రం ఫలానా రోజు ఉదయం తొమ్మిదిలోపు ఉందని డాక్టర్ మీద పడి కడుపు కోయిస్తున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో కాన్పుల్లో నూటికి 42 సిజేరియన్లే. అన్నీ ముహూర్తాల వల్ల కాదు, ఆసుపత్రుల డబ్బాశ ఉంది, నొప్పుల భయం ఉంది. కానీ ముహూర్తం కోసం రెండు వారాలు ముందు బయటికి తీసిన బిడ్డ ఊపిరి అందక పసిపిల్లల ఐసీయూలో పడి ఉంటే, అద్దం అవతల నిలబడ్డ నానమ్మ ‘జాతకం మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది’ అనడం నేను నా చెవులతో విన్నాను. ఆ తల్లి మొహం చూడలేకపోయాను. ఆవిడ్ని ఒక్కరూ అడగలేదు, నీకు కోయించుకోవడం ఇష్టమేనా అమ్మా అని.

దిష్టి గుమ్మడికాయలు కూడా చెప్పాలి. దసరా ఆయుధపూజకీ, అమావాస్యకీ గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా షాపుల ముందు పగిలి పడి ఉంటాయి. మీ దిష్టి పోతుంది, వెనకాల స్కూటీ మీద వచ్చే అమ్మాయి జారి పడుతుంది. కొట్టేవాళ్లు కనీసం ముక్కలు ఏరి పక్కన పడేయండి. వాస్తు పేరుతో బాగున్న గోడలు పడగొట్టి అప్పులపాలైనవాళ్ల గురించి రాయడం మొదలుపెడితే ఇక్కడితో అవదు, వదిలేస్తున్నాను.

‘అన్నీ హిందువుల మీదేనా, వేరేవాళ్ల మీద మాట్లాడే దమ్ముందా’ అని కింద రాయబోయేవాళ్లకి ఇప్పుడే చెబుతున్నాను. స్వస్థత సభల్లో స్టేజీ మీద చక్రాల కుర్చీలోంచి లేపి నడిపించి, షుగర్ మాత్రలు ఆపేయమని చెప్పి, ప్రార్థన నూనె చేతిలో పెట్టేవాళ్లు చేసేదీ ఇదే ద్రోహం. మూర్ఛ వచ్చే పిల్లకి దయ్యం పట్టిందని తాయెత్తు కట్టి మందులు మాన్పించేవాళ్లదీ ఇదే. మన హార్బర్ పక్కన మూడు కొండల మీద గుడి, చర్చి, దర్గా ఉన్నాయని మనం గర్వంగా చెప్పుకుంటాం, నాకూ ఆ దృశ్యం ఇష్టమే. మూడింటినీ ఒకే ప్రశ్న అడుగుతాను. రోగిని మందు మానమన్నది ఎవరు? పోయాక జవాబుదారీ ఎవరు?

ఒక మాట మాత్రం నేను తేలిగ్గా కొట్టిపారేయను. ‘దేవుడు లేకపోతే కష్టంలో మనిషికి ధైర్యం ఎవరిస్తారు?’ ఇది నిజమైన ప్రశ్న. మన పెద్ద సర్కారు ఆసుపత్రి కేజీహెచ్‌లో వార్డు బయట వరండాలో రాత్రంతా కూర్చుని దండం పెట్టుకునే తండ్రికి నేను వెళ్లి నాస్తికత్వం బోధించను, ఎవరైనా బోధిస్తే వాళ్లకి మనసు లేదంటాను. ఆ రాత్రి ఆయనకి పక్కన ఒక మనిషి కావాలి, రక్తం ఇచ్చేవాడు కావాలి, డాక్టర్ ఏమన్నాడో అర్థమయ్యేలా చెప్పేవాడు కావాలి. అవేవీ మనం ఇవ్వట్లేదు కాబట్టే ఆయన దగ్గరున్న ఆఖరి పదిహేను వందలు దోష నివారణ పూజకి వెళ్తున్నాయి. ఓదార్పు పేరుతో ఆయన జేబు కొట్టేవాడి మీదే నా పోరు.

ఇవన్నీ విదేశీ ఆలోచనలని కూడా అంటుంటారు. గోరా, సరస్వతి గోరా దంపతులు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, తర్వాత అది విజయవాడకి మారింది, నిప్పుల మీద ఎవరైనా నడవొచ్చని జనం ముందే నడిచి చూపించారు. మన విశాఖపట్నంలోనే 1972లో జయగోపాల్ గారు భారత నాస్తిక సమాజం స్థాపించారు. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం ప్రతి పౌరుడి విధి అని రాజ్యాంగంలోనే ఉంది, 51ఎ అధికరణం, 1976లో చేర్చారు. మహాత్ముల ఫొటోల్లాగా దాన్ని కూడా గోడకి తగిలించేశాం.

మహారాష్ట్రలో మూఢనమ్మకాల మీద పోరాడిన డాక్టర్ నరేంద్ర దభోల్కర్‌ని 2013 ఆగస్టు 20న పుణెలో ఉదయం నడకకి వెళ్లినప్పుడు కాల్చి చంపారు. ఏళ్ల తరబడి ఆయన అడిగిన చట్టం ఆయన పోయాకే వచ్చింది, అదే ఏడాది. కర్ణాటక 2017లో చేసింది. మన రాష్ట్రంలో అలాంటి ప్రత్యేక చట్టం ఇప్పటికీ లేదు. మంత్రాలతో రోగాలు తగ్గిస్తామనే ప్రకటనల మీద 1954 నాటి కేంద్ర చట్టం ఒకటి ఉంది, అయినా మన సిటీ బస్టాపుల్లో, కరెంటు స్తంభాల మీద ‘వశీకరణం, శత్రునాశనం, 24 గంటల్లో ఫలితం’ అని ఫోన్ నంబర్లతో సహా అంటించే ఉన్నాయి.

ఎలక్షన్లప్పుడు ఇంటికి వచ్చే అభ్యర్థిని నేను అడగబోయేది ఇదే, మీరూ అడగండి. చిల్లంగి పేరుతో ఒక మనిషిని వెలివేసినా, కొట్టినా, భయపెట్టినా ప్రాణం పోయేదాకా ఆగకుండా అప్పుడే కేసు పెట్టే చట్టం కావాలి. ఏజెన్సీలో ప్రతి పీహెచ్‌సీలో పాము విరుగుడు ఇంజక్షను, మలేరియా పరీక్ష, రాత్రిపూట ఉండే డాక్టరు కావాలి. ఉత్సవాలకి లక్షల మంది వచ్చే ప్రతి గుడిలో, ప్రతి సభలో క్యూలైన్లు, గోడలు, షెడ్లు చూసి సంతకం పెట్టిన ఇంజనీర్ పేరు అక్కడే బోర్డు మీద రాసి ఉండాలి.